ఒమన్ గ్రీన్‌హౌస్‌లో క్యాప్సికం పూత ఎందుకు రాలుతుంది?

ఒమన్ సాగులో అల్ బాతినా తీరానిదే పెద్దపీట. అక్కడి గ్రీన్‌హౌస్‌లలో కీరాదే హవా. క్యాప్సికం మాత్రం రైతును ఏడిపిస్తుంది: చెట్టు పచ్చగా ఏపుగా ఉంటుంది, కాయ ఉండదు. దగ్గరగా చూస్తే పూకాడ పసుపెక్కి, వేలు తగిలితే చాలు ఊడిపడుతుంది.

అసలు దోషి వేడి. పగలు 32, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి సత్తువ తగ్గి పూత రాలుతుంది. మస్కట్‌లో జూన్, జులై రాత్రులే 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. తడి ప్యాడ్‌ల మీదుగా ఫ్యాన్లు గాలిని లాగి చల్లబరుస్తాయి. అయితే తీరం గాలిలో తేమ పెరిగిన రోజు నీరు సరిగా ఆవిరికాక ఆ చల్లదనమూ తగ్గుతుంది. పరీక్షలో కారణం అడిగితే ఈ ముక్క రాయండి, మార్కులు ఇక్కడే ఉన్నాయి.

వేడి ఒక్కటే కాదు, నత్రజని ఎక్కువైనా ఆకే పెరుగుతుంది. బోరు నీటిలోకి సముద్రపు ఉప్పు చొరబడటం బాతినాకు పాత బెడద. ఉప్పు వల్ల కాల్షియం సరిగా అందక కాయ అడుగు కుళ్లుతుంది. క్యాప్సికంది స్వపరాగ సంపర్కమే, అయినా మూసిన షెడ్డులో గాలి తగినంత కదలదు కాబట్టి మొక్కలను మెల్లగా తట్టి పుప్పొడి రాల్చాలి. మొదటి పూవు గిల్లేస్తే మొక్క ముందు బలపడుతుంది.

గుర్తుంచుకోండి: సముద్రపు నీటితో చల్లబరిచే ప్రయోగాత్మక గ్రీన్‌హౌస్‌ను 2004లో మస్కట్ దగ్గర, సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం భాగస్వామ్యంతో కట్టారు. ఈ తరహాలో మొదటిది స్పెయిన్‌కు చెందిన టెనెరిఫేలో వచ్చింది. ఒమన్ అనగానే ‘అఫ్లాజ్’ కాలువలు కూడా అడుగుతారు: వాటిలో ఐదింటికి 2006లో యునెస్కో గుర్తింపు వచ్చింది.