విస్తరించిన దేశం – నిర్వాసితులైన జనం

ఒక దేశం విస్తరించిందని చరిత్రలో చదువుతాం. పటంలో దాని రంగు మరికాస్త నేలను ఆక్రమిస్తుంది. ఆ నేల అంతవరకూ ఎవరిది? అక్కడి జనం ఏమయ్యారు? ఈ ప్రశ్నలు మనం చాలా అరుదుగా వేసుకుంటాం. 19వ శతాబ్దంలో అమెరికా పడమటి దిశగా సాగించిన విస్తరణను ఈ దృష్టితో పరిశీలిద్దాం.

కాదనలేని లాభాలు

న్యాయంగా మాట్లాడాలంటే ముందు లాభాలను ఒప్పుకోవాలి. 1803లో అమెరికా ఫ్రాన్స్ నుండి లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకు కొన్నది. దాంతో దేశ విస్తీర్ణం దాదాపు రెట్టింపయింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం, ఐదేళ్ళు నివాసముండి సాగు చేసినవారికి 160 ఎకరాల వరకు భూమి దక్కేది. యూరప్ నుండి వలస వచ్చిన పేదలు, బానిసత్వం నుండి విముక్తులైన నల్లజాతివారు, ఒంటరి స్త్రీలు కూడా ఆ విధంగా భూయజమానులయ్యారు. 1869లో తూర్పు పడమరలను కలిపే రైలుమార్గం పూర్తయింది. నెలలు పట్టే ప్రయాణం సుమారు వారం రోజులకు తగ్గింది. విశాలమైన మైదానాలు గోధుమ పొలాలయ్యాయి.

అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫ్రాన్స్ అమ్మిన ఆ ప్రాంతంలో చాలా భాగం ఆదివాసీ తెగల నివాస భూమి. అమ్మకం గురించి వారి సమ్మతి ఎవరూ అడగలేదు.

చెరోకీల కన్నీటి బాట

ఆదివాసులు అనాగరికులు కనుక వారిని తొలగించక తప్పలేదని ఆనాడు కొందరు వాదించారు. చెరోకీ తెగ చరిత్రే ఈ వాదనకు సమాధానం. సెక్వోయా అనే చెరోకీ వ్యక్తి తమ భాషకు లిపిని రూపొందించాడు. 1827లో వారు లిఖిత రాజ్యాంగం రాసుకున్నారు. 1828లో సొంత పత్రిక ప్రారంభించారు. వారికి పొలాలు, ఇళ్ళు, పాఠశాలలు ఉండేవి.

అయినా 1830లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఆదివాసుల తొలగింపు చట్టంపై సంతకం చేశాడు. జార్జియా రాష్ట్ర చట్టాలు చెరోకీల నేలపై చెల్లవని 1832లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు వారిని కాపాడలేదు. 1835లో తెగ ప్రభుత్వం ఆమోదం లేకుండానే కొద్దిమంది చేత ఒప్పందంపై సంతకాలు చేయించారు. 1838లో సైనికులు వచ్చి జనాన్ని ఇళ్ళ నుండి వెళ్ళగొట్టారు. సుమారు 16 వేల మంది నేటి ఓక్లహోమా వైపు తరలించబడ్డారు. శిబిరాలలో, దారిలో ఆకలికి, చలికి, రోగాలకు దాదాపు 4 వేల మంది మరణించారని అంచనా. చెరోకీ సంపన్నుల వద్ద ఉన్న నల్లజాతి బానిసలు కూడా ఆ బాటనే నడిచారు. వారి గోడు పట్టించుకున్నవారే లేరు.

నిలవని మాట

1868లో ఫోర్ట్ లారమీ ఒప్పందం ద్వారా బ్లాక్ హిల్స్ కొండలు లకోటా తదితర సూ తెగలవేనని అమెరికా ప్రభుత్వం మాట ఇచ్చింది. 1874లో అక్కడ బంగారం బయటపడింది. 1877లో ప్రభుత్వం ఆ కొండలను లాక్కుంది. అది అన్యాయమని, వడ్డీతో సహా 10 కోట్ల డాలర్లకు పైగా పరిహారం చెల్లించాలని 1980లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఆ తెగలు ఆ సొమ్మును నేటికీ ముట్టుకోలేదు. వారు అడుగుతున్నది తమ కొండలను.

మనం గ్రహించవలసింది

హోమ్‌స్టెడ్ రైతులందరూ దుర్మార్గులు కారు. వారిలో చాలామంది పొట్ట చేత పట్టుకుని వచ్చినవారే. కానీ వారు పొందిన దానికి మూల్యం చెల్లించినది వేరొకరు. లాభం ఎంత పెద్దదైనా, నష్టపోయినవాడి హక్కు దానివల్ల రద్దు కాదు. లాభపడినవాడు ఇచ్చే పరిహారం, ముందే అడగవలసిన అనుమతికి సాటి రాదు.

ఆనకట్ట కట్టినా, గని తవ్వినా, పొలం గట్టు జరిపినా ఇదే కొలమానం. లాభం ఎవరికి, నష్టం ఎవరికి, నష్టపోయేవారిని ముందుగా అడిగారా అని చూడాలి. మన పిల్లలకు ఈ చరిత్ర చెప్పేటప్పుడు రైలుమార్గం గురించి చెబుదాం, కన్నీటి బాట గురించి కూడా తప్పక చెబుదాం.