చిన్ననాటి కీళ్లవాతంతో మాదాపూర్ ఉద్యోగం: తరచూ అడిగే ప్రశ్నలు

పదేళ్లప్పుడు వచ్చిన కీళ్లవాతం. పెద్దయ్యాక పోదా?

పదహారేళ్లలోపు మొదలై ఆరు వారాలు దాటినా తగ్గని కీళ్లవాపును, వేరే కారణం కనిపించకపోతే, డాక్టర్లు జేఐఏ అంటారు. నాలుగు కీళ్లు దాటనివాళ్లలో చాలామందికి తగ్గిపోతుంది. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ పాజిటివ్ అయి ఎక్కువ కీళ్లకు పాకితే మాత్రం అంత తేలిగ్గా వదలదు. మొత్తమ్మీద దాదాపు సగం మందికి పెద్దయ్యాకా మిగిలే ఉంటుంది. ‘ఎదిగితే అదే పోతుంది’ అనే చుట్టాల మాట విని మందులు ఆపకండి. కంటిలోపలి వాపు నొప్పి లేకుండానే రావచ్చు కనుక కళ్ల పరీక్షా మానొద్దు.

చూడ్డానికి బాగానే ఉంటాను. ఆఫీసులో ఏం అడగొచ్చు?

పొద్దున మీటింగ్‌కి వేళ్లు ముడుచుకోవు, మధ్యాహ్నానికి మామూలుగా టైప్ చేస్తుంటారు. టీమ్ లీడ్‌కి అనుమానం రావడానికి అది చాలు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో కీళ్లవాతం పేరు లేదు. కానీ కదలికకు దీర్ఘకాలం అడ్డొస్తే చలన వైకల్యం కిందికి రావచ్చు. ఆ చట్టం ప్రైవేటు కంపెనీలనూ వదల్లేదు. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఉండాలి. 20 మంది, అంతకుమించి పనిచేసేచోట సౌకర్యాలు, ప్రత్యేక సెలవులు, లయజన్ ఆఫీసర్ వివరాలు అందులో రాయాలని కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ముందు హెచ్‌ఆర్‌ని ఆ కాగితం అడగండి. చాలామంది దాని ఊసే ఎత్తరు. తర్వాత మీకు కావాల్సింది ఈమెయిల్‌లో పెట్టండి: ఆలస్యంగా మొదలయ్యే షిఫ్ట్, ఎత్తు మార్చుకునే టేబుల్, ఇంజెక్షన్ రోజున ఇంటి నుంచి పని. జబ్బు పేరు మాత్రమే ఉన్న చీటీ కన్నా, ఏ పని ఎంతసేపు చేయలేరో రుమటాలజిస్ట్ రాసిచ్చిన లేఖకే బలమెక్కువ.

వైకల్యం 40 శాతం లేకపోతే?

ప్రభుత్వోద్యోగాల్లో రిజర్వేషన్‌కూ పన్ను మినహాయింపుకూ 40 కావాలి. పనిలో సర్దుబాటుకు అక్కర్లేదు. రాస్తుంటే చెయ్యి పట్టేసే సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు ఇదే తేల్చి, పరీక్షలో ఆయనకు సహాయకుణ్ణి ఇవ్వాలంది. వైకల్య సర్టిఫికెట్‌కు కేంద్రప్రభుత్వ యూడీఐడీ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి.

పన్ను ఎంత తగ్గుతుంది?

పాత పద్ధతి ఎంచుకుంటే ఆదాయంలో 75,000 రూపాయలు, వైకల్యం 80 శాతం, అంతకుమించి ఉంటే 1,25,000 మినహాయిస్తారు. కొత్త పద్ధతిలో సున్నా.

కంపెనీ ఇన్సూరెన్స్ చాలదా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లే. గ్రూప్ పాలసీలు చాలావరకు పాత జబ్బులకు మొదటిరోజు నుంచే కవరేజీ ఇస్తాయి, లేఆఫ్ అయితే అదీ పోతుంది. సొంత పాలసీలో పాత జబ్బుకు వెయిటింగ్ 2024 నిబంధనల ప్రకారం 36 నెలలు మించకూడదు. ఉద్యోగంలో ఉండగానే తీసుకుంటే ఆ గడువు ఇప్పుడే గడిచిపోతుంది. జబ్బు దాచొద్దు, క్లెయిమ్ అక్కడే పోతుంది. ఇంట్లో వేసుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లకు చాలా పాలసీలు డబ్బివ్వవు. కొనేముందే అడగండి.

హెచ్‌ఆర్ జవాబే ఇవ్వకపోతే?

రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా 10,000 వరకే, పెద్ద కంపెనీకి అదొక లెక్కే కాదు. మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షలు. ఫిర్యాదుకు మీ ఈమెయిళ్లన్నీ తేదీలవారీగా జతచేయండి.