‘ఎస్టిమేట్’ చీటీ పట్టుకొని రాకండి

వాడపల్లి రైతు ఒకాయన గడ్డి కోసే బ్రష్ కట్టర్‌ను మోసుకొచ్చి నా బల్ల పక్కన దించాడు. కొన్న ఆరో రోజే పట్టేసిందట. నేను మిషన్ వైపు చూడలేదు, కాగితం అడిగాను. జేబులోంచి మడతలు పడిన చీటీ తీశాడు. పైన ‘ఎస్టిమేట్’ అని ఉంది. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు, మిషన్ సీరియల్ నంబరు అసలే లేదు.

ఈ వానాకాలంలో ఇలాంటి చీటీ చూడటం నాకిది నాలుగోసారి. కోదాడ నుంచి పవర్ వీడర్, సూర్యాపేట నుంచి తైవాన్ స్ప్రేయర్... మిషన్లు వేరు, చీటీ ఒక్కటే.

“బిల్లు అడగలేదా?”

“బిల్లయితే జీఎస్టీ పడ్తదన్నడు సార్. తెలిసిన షాపేనాయె!”

తెలిసిన షాపుకు పోవడం తప్పు కాదు. నన్నడిగినా అక్కడికే పొమ్మంటాను. మెకానిక్ ఉంటాడు, కార్బురేటర్, స్టార్టర్ తాడు చేతికందుతాయి. హైదరాబాద్‌లో పెద్ద స్టోర్‌లోనో ఫోన్‌లోనో కొంటే ధర కాస్త తగ్గొచ్చు గానీ, పాడైతే బాగుచేసేవాడి కోసం తిరగాలి. అయితే వాళ్లు అడగకుండానే పక్కా బిల్లు ఇస్తారు. ఆన్‌లైన్‌లో కొన్నదైతే, 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. మన బజారు షాపులో ఆ బిల్లును మనమే వదులుకుంటున్నాం.

షాపాయన ఏమంటున్నాడు? “పెట్రోల్‌లో టూటీ ఆయిల్ కలపలేదు, అందుకే పిస్టన్ పట్టేసింది” అని. టూ స్ట్రోక్ ఇంజన్‌లో అది జరిగేదే. తప్పెవరిదో తేల్చడానికి వినియోగదారుల కమిషన్ మిషన్‌ను ల్యాబ్‌కు పంపగలదు. కానీ ఈ మిషన్ ఆ షాపుదేనని ముందు చూపించాలి కదా! పైగా మావాడు నా దగ్గరికి రాకముందే ఊళ్లో మెకానిక్‌తో బోల్టులన్నీ ఊడదీయించాడు. ఏమనాలి?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేమీ రాయకపోతే, లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోననడమూ అంతే. ఈ ఎస్టిమేట్ పుస్తకాలు బజారులో బాహాటంగా నడుస్తుంటే తనిఖీకొచ్చే అధికారుల కంటికి ఎందుకు ఆనవో నాకర్థం కాదు.

“రైతు వినియోగదారుడే కాడు” అని వాదించేవాళ్లున్నారు. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో 2012లోనే సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. వాడపల్లి వాళ్లయితే నల్లగొండ కమిషన్‌లో. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందు 1915కు ఫోన్ చేసి చూడండి.

మళ్లీ చెబుతున్నా: సీరియల్ నంబరు రాసిన బిల్లు చేతికి రానిదే మిషన్‌ను బండెక్కించకండి. వారంటీ కార్డు మీద షాపు ముద్ర, తేదీ వేయించండి. రిపేరుకిస్తే జాబ్ కార్డు తీసుకోండి. బిల్లుకు ఫొటో తీసిపెట్టుకోండి, ఆ సన్న కాగితం మీద అక్షరాలు ఏడాదికే మాసిపోతాయి.

మావాడు డబ్బు ఫోన్‌పేలో కట్టాడు, అదొక్కటే ఆధారం. అదీ షాపు యజమాని కొడుకు నంబరుకు. నోటీసు పంపాను. మొన్న జవాబొచ్చింది: ఆ మిషన్ తాము అమ్మనే లేదట.