పదిహేడు సన్న తీగలు

మేడ మీద సోలార్ పలకలు పెట్టించుకున్నాక కూడా మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను ఆగిపోతుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78 వేల రాయితీతో 3 కిలోవాట్ల సోలార్ బిగించుకున్నవాళ్లకు మొదటి కోత రోజునే ఈ సంగతి అర్థమవుతుంది. లైను మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం, గ్రిడ్ పోగానే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు తనంతట తాను ఆగాలన్నది నిబంధన. ఆ ఎండను దాచుకుని రాత్రికి వాడుకోవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు ఉండాలి, వెనక బ్యాటరీ ఉండాలి. మెట్ల కింద ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకుని నీళ్లు పోసుకునే రోజుల నుంచి జనం ఇప్పుడిప్పుడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వైపు వస్తున్నారు. కొందరు విడి సెల్స్ తెప్పించి సొంతంగా కట్టుకుంటున్నారు కూడా.

అలా కట్టుకునేవాళ్లు డబ్బంతా సెల్స్ మీద, శ్రద్ధంతా లావు కేబుళ్ల మీద పెడతారు. పేక్ మంచిచెడ్డలు మాత్రం సన్న తీగల దగ్గరే తేలతాయి. ఇక్కడ తీసుకున్నది వాడుకలో ఉన్న అమరిక: 280 ఆంపియర్ అవర్ల సెల్స్ పదహారు, వరుసగా. సెల్ ఒక్కటి 3.2 వోల్టులు కాబట్టి పేక్ 51.2 వోల్టులు, నిల్వ 14.3 యూనిట్లు. దీనికి 5 కిలోవాట్ల ఇన్వర్టరు. ఏసీ వైపు పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. ఇక్కడ చెప్పేదంతా డీసీ వైపు సంగతి.

ముందు ఉంగరాలు, గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. యాభై వోల్టులు షాకు కొట్టవులే అనుకుంటారు గానీ ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య స్పానర్ పడితే వేల ఆంపియర్లు పారతాయి, స్పానర్ ఎర్రగా కాలుతుంది. అందుకే స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టుకోవాలి. సెల్ అల్యూమినియం డబ్బాలో కూడా కొద్దిపాటి వోల్టేజీ ఉంటుంది, పైనున్న నీలం పొర చిరిగితే పక్క సెల్‌కి తగులుతుంది. ప్రతి రెండు సెల్స్ మధ్యా ఎపాక్సీ షీటు పెడితే ఆ బెంగ ఉండదు.

సెల్స్‌ని ఎనిమిదేసి చొప్పున రెండు వరుసలుగా, ఒకదాని ప్లస్ పక్కన రెండోదాని మైనస్ వచ్చేలా తిప్పి పేర్చి బస్‌బార్లు బిగించాలి. బిగించే ముందు టెర్మినల్ ముఖాన్ని స్పిరిట్‌తో తుడవాలి. ఎంత బిగువన్నది తయారీదారు ఇచ్చిన కాగితంలో ఉంటుంది. అల్యూమినియంలోకి దిగే మర కాబట్టి చేతి బలం చూపిస్తే ఊడొస్తుంది. ఎనిమిదో సెల్‌ నుంచి తొమ్మిదో సెల్‌కి వెళ్లే లింకు మాత్రం ఇప్పుడే వేయొద్దు. అది లేనంతసేపూ మీ చేతి కింద ఉన్నవి రెండు 25.6 వోల్టుల ముక్కలే, పొరపాటు జరిగినా నష్టం సగమే. రెండు వరుసలనూ కలిపే ఆ లింకు పొడుగ్గా ఉంటుంది కాబట్టి లావు కేబులే వాడాలి. దాని నిరోధం ఒక్క మిల్లీ ఓమ్ ఉన్నా 100 ఆంపియర్ల దగ్గర పదో వంతు వోల్టు అక్కడే పోతుంది. సెల్స్‌కి కాపలా కాసే బోర్డు బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఆ లోటును పక్క సెల్ ఖాతాలో రాసేస్తుంది, మంచి సెల్‌ మీద అనవసరంగా అనుమానం వస్తుంది.

ఇప్పుడు ఒక్కో సెల్ వోల్టేజీని బీఎంఎస్‌కి చేర్చే సన్న తీగలు. సెల్స్ పదహారే అయినా తీగలు పదిహేడు. ఎందుకంటే మొదటి సెల్ మైనస్‌కి ఒకటి అదనంగా పోవాలి. ఆ నల్ల తీగే బీ0. మొదటి సెల్ ప్లస్‌కి బీ1, రెండోదానికి బీ2, అలా చివరి సెల్ ప్లస్‌కి బీ16. అంటే పేక్ మొత్తం ప్లస్ కూడా అదే. కొన్ని బోర్డుల్లో లెక్క 1 నుంచి మొదలవుతుంది. కాబట్టి మీ చేతిలో ఉన్న బోర్డుతో వచ్చిన బొమ్మే ప్రమాణం, ఇంకెక్కడో చూసింది కాదు. తీగ కొసకు రింగ్ లగ్ పెట్టి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కాలి. మామూలు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్ ఆ రోజు బాగానే ఉంటుంది, ఆర్నెల్లకు వదులవుతుంది. ప్రతి తీగకూ రెండు కొసల్లోనూ నంబరు స్లీవు ఎక్కించండి. బీ0 తప్ప మిగతా తీగల లగ్‌లన్నీ సెల్ ప్లస్ వైపే, బస్‌బార్ పైన, నట్టు కింద పడాలి. తీగలను బస్‌బార్ అంచుల మీంచి రుద్దుకునేలా లాగొద్దు. వాటిలో ఫ్యూజు ఉండదు గనక తొక్క చిరిగి వేరే టెర్మినల్‌కి తగిలితే ఆ సన్న తీగే నిప్పవుతుంది. సెల్ దగ్గరే చిన్న ఫ్యూజు పెట్టుకునేవాళ్లున్నారు, తెలివైన పని.

ఈ తీగల రెండో కొసనున్న కనెక్టరును ఇప్పుడే బీఎంఎస్‌కి గుచ్చకూడదు. ముందు ఇందాక వదిలేసిన నడి లింకు బిగించండి, పేక్ పూర్తయింది. ఇప్పుడు మల్టీమీటర్ నల్ల కొసను బీ0 పిన్ను మీద ఉంచి, ఎర్ర కొసను ఒక్కో పిన్ను మీదికి జరుపుతూ పోవాలి. సెల్స్ 3.30 దగ్గర ఉంటే 3.3, 6.6, 9.9 అంటూ మెట్టుమెట్టుగా 52.8 దాకా రావాలి. తర్వాత పక్కపక్క పిన్నుల మధ్య విడిగా చూస్తే అన్నిచోట్లా 3.30. ఎక్కడైనా సున్నా వస్తే రెండు తీగలు ఒకే టెర్మినల్‌కి పోయాయి. 6.6 వస్తే ఒక సెల్ దాటిపోయింది. మైనస్ గుర్తు చూపిస్తే తీగలు తారుమారయ్యాయి. ఈ పదహారు కొలతలు కాగితం మీద రాసుకోవాలని నా పట్టుదల. మీటరు వంక చూస్తూ తల ఊపేవాడికీ రాసుకునేవాడికీ తేడా ఇక్కడే బయటపడుతుంది. తప్పు క్రమంలో గుచ్చిన కనెక్టరు బోర్డును క్షణంలో కాల్చేస్తుంది, ఆ తప్పుకు వారంటీ వర్తించదు.

కలిపే క్రమం కూడా ముఖ్యమే. మొదట బీఎంఎస్ బీ-మైనస్ లావు తీగను పేక్ మైనస్‌కి బిగించాలి. తర్వాత సన్న తీగల కనెక్టరు. ఆపైనే బీఎంఎస్ రెండో లావు తీగ పీ-మైనస్‌ను ఇన్వర్టరు వైపు. విప్పేటప్పుడు సరిగ్గా తిరగేసి: ముందు పీ-మైనస్, తర్వాత కనెక్టరు, చివర బీ-మైనస్. ఇక కనెక్టరు ఉండగా, లోడు కూడా ఉండగా బస్‌బార్ విప్పడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. అప్పుడు పేక్ వోల్టేజీ అంతా ఆ విప్పిన చోట రెండు సన్న తీగల మధ్యకు ఉల్టాగా వచ్చి పడుతుంది. రిపేరుకొచ్చిన బోర్డుల్లో ఇలా చచ్చినవీ ఉంటాయి. వేడి కొలిచే సెన్సర్లను నడి సెల్స్ మధ్య అంటించాలి, ఎక్కువ కాగేవి అవే.

సెల్స్ ఛార్జిని సమం చేసే బ్యాలెన్సర్ ఎందుకో తెలియాలంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీరు కొంత తెలియాలి. టెక్సస్ విశ్వవిద్యాలయంలో పాఢీ, నంజుండస్వామి, గుడినఫ్ 1997లో ప్రచురించిన పదార్థం ఇది. ఛార్జి ఎక్కుతున్నా దిగుతున్నా ఇందులో రెండు ఘన రూపాలు పక్కపక్కనే ఉండి ఒకటి పెరుగుతూ ఇంకొకటి తరుగుతుంది, అందుకే వోల్టేజీ దాదాపు కదలదు. 20 శాతం నుంచి 90 దాకా సెల్ 3.2, 3.35 మధ్యే తచ్చాడుతుంది. మూతేసిన కుండను బయటి నుంచి చూసి లోపల నీళ్లెంతో చెప్పలేనట్టే, ఆ నడి భాగంలో వోల్టేజీ చూసి ఏ సెల్ నిండిందో, ఏది వెనకబడిందో చెప్పలేం. 3.4 దాటాక గీత నిటారుగా లేస్తుంది, తేడాలు అక్కడ బయటపడతాయి. కాబట్టి బ్యాలెన్సర్ 3.40 తర్వాతే మొదలవ్వాలి. నడిమధ్యలో కూడా ఎడతెరిపి లేకుండా తిరిగే చవక కెపాసిటర్ బ్యాలెన్సర్లు సర్దుతున్నామనుకుంటూ చెడగొడతాయి. అలాంటిది కొన్నారంటే దాని రన్ స్విచ్చి తీగలు బయటికి తీసి, ఛార్జి చివర్లో మాత్రమే నడిచేలా పెట్టుకోండి.

చాలా బీఎంఎస్‌లలో పాసివ్ బ్యాలెన్సింగ్ ఉంటుంది: ఎక్కువ ఉన్న సెల్‌ నుంచి వంద మిల్లీ ఆంపియర్ల లోపు కరెంటును రెసిస్టరులో వేడిగా వదిలేయడం. 280 ఆంపియర్ అవర్ల సెల్‌లో 3 శాతం తేడా అంటే 8.4 ఆంపియర్ అవర్లు. 0.1 ఆంపియరుతో అది తీరడానికి 84 గంటలు. రోజుకు గంటో అరగంటో మాత్రమే పేక్ 3.4 పైన ఉంటుంది కనుక అది నెలల పని. 2 ఆంపియర్ల యాక్టివ్ బ్యాలెన్సర్ అదే కరెంటును వృథా చేయకుండా వెనకబడిన సెల్‌కి మళ్లిస్తుంది, నాలుగైదు గంటల్లో సర్దేస్తుంది. జేకే కంపెనీ బీఎంఎస్ బోర్డుల్లో ఇది లోపలే ఉంటుంది. డాలీ లాంటి కంపెనీ బోర్డుకు విడి బ్యాలెన్సర్ జోడిస్తే, దాని తీగలు విడిగా సెల్ దాకా పోవాలి. బీఎంఎస్ తీగల మీదే కలిపితే బ్యాలెన్సర్ లాగే కరెంటుకు తీగలో వోల్టేజీ పడిపోయి బీఎంఎస్‌కి అబద్ధపు అంకెలు కనిపిస్తాయి.

మొదటిసారి అన్ని సెల్స్‌నీ సమానంగా నింపడానికి పాత పద్ధతి ఒకటుంది: పదహారింటినీ సమాంతరంగా కలిపి బెంచ్ సప్లైతో 3.65 దాకా ఎక్కించడం. సెల్స్ సగం లోపు ఛార్జితోనే వస్తాయి, 10 ఆంపియర్ల సప్లైకి పది రోజులు పైనే పడుతుంది. ఓపిక పోయి వోల్టేజీ పెంచితే సెల్స్ ఉబ్బుతాయి. ఒకే లాటు సెల్స్, లోపల యాక్టివ్ బ్యాలెన్సర్ ఉన్నప్పుడు ఈ తంతు అక్కర్లేదన్నది నా మాట. నెమ్మదైన కరెంటుతో పేక్‌ని 55.2 దగ్గర నిలిపి, నాలుగు రోజులు బ్యాలెన్సర్‌కి వదిలేస్తే సరిపోతుంది.

లావు వైపు పని త్వరగా చెప్పుకుందాం. 5 కిలోవాట్లంటే పేక్ నుంచి సుమారు 110 ఆంపియర్లు, 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు. ప్లస్ వైపు, పేక్‌కి ఆనుకునే క్లాస్-టీ ఫ్యూజు, తర్వాత డీసీ బ్రేకరు. ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీ ఇక్కడ పెట్టొద్దు, డీసీ మంటను అది ఆర్పలేదు. బీఎంఎస్‌లోని మాస్‌ఫెట్లు చెడితే కరెంటుకు తలుపు తెరిచే ఉండిపోవచ్చు, అందుకే ఫ్యూజు, బ్రేకరు రెండూ వేరుగా ఉండాలి. మొదటిసారి ఇన్వర్టరును నేరుగా కలిపితే దాని కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు గుంజి పెద్ద నిప్పురవ్వ వస్తుంది. 50 ఓమ్‌ల లావు రెసిస్టరు ద్వారా కొన్ని సెకన్లు నింపాలి. పాత ఫిలమెంటు బల్బు దొరికినా ఆ పని చేస్తుంది.

సెట్టింగుల్లో ఒక్క సూత్రం: రోజూ ఛార్జినీ వాడకాన్నీ ఆపాల్సింది ఇన్వర్టరు, బీఎంఎస్ ఆపితే ఎక్కడో తేడా జరిగినట్టు. ఇన్వర్టరులో ఛార్జి 56.0, ఫ్లోట్ 54.0, లో కట్ 48 వోల్టులు. ట్యూబులర్ బ్యాటరీల కోసం ఉన్న ఈక్వలైజేషన్ పూర్తిగా ఆఫ్. బీఎంఎస్‌లో సెల్ గరిష్ఠం 3.60, కనిష్ఠం 2.70, బ్యాలెన్స్ మొదలు 3.42, తేడా 10 మిల్లీ వోల్టులు. ఛార్జి ఆపే వేడి 55 డిగ్రీలు. రెంటచింతల, రామగుండం ఎండల్లో మేడ మీది రేకుల గది ఆ అంకెను ఉత్తినే తాకుతుంది, బ్యాటరీ కింది అంతస్తులో గాలాడే చోటే ఉండాలి.

మొదటి పూర్తి ఛార్జిలో దగ్గరే కూర్చుని యాప్‌లో అంకెలు చూడండి. 3.35 దాకా అన్నీ ఒకేలా ఉంటాయి, దాని మీద ఏ నమ్మకమూ పెట్టుకోవద్దు. 3.45 దగ్గర ఒకటి ముందుకు ఉరికితే బ్యాలెన్సర్ అంది వచ్చేలా కరెంటు తగ్గించండి. తేడా 20 మిల్లీ వోల్టుల లోపుకు వచ్చాక వంద ఆంపియర్ల లోడు వేసి మళ్లీ చూడండి. లోడు మీద మాత్రమే పడిపోయే సెల్ ఉంటే తప్పు సెల్‌ది కాకపోవచ్చు, ముందు దాని బస్‌బార్ నట్టూ తీగ లగ్గూ చేత్తో తాకి వేడి చూడండి. కాలుతుంటే లోడు ఆపి, పీ-మైనస్ నుంచి మొదలుపెట్టి క్రమంగా విప్పి, తుడిచి, మళ్లీ బిగించండి. నెల తిరిగాక అన్ని నట్టులనూ ఇదే క్రమంలో ఒకసారి సరిచూడాలి.