కంప్యూటరునకు అదనపు ద్వారములు
(పై తరగతుల విద్యార్థులకు)



మన పూర్వులు చెఱువులు త్రవ్వించినపుడు కట్టలకు తూములు పెట్టించిరి. చెఱువు నిండుగా నున్నను తూము లేనిచో పొలమునకు నీరు పారదు. ఒకే తూమునుండి నాలుగు కాలువలు చీల్చినచో నాలుగు పొలములును తడియును గాని, దేనికిని చాలినంత నీరందదు. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతముల రైతు బిడ్డలగు మీకు ఈ సంగతి వేఱుగా చెప్పనక్కరలేదు. కంప్యూటరు విషయమునను న్యాయ మిదియే.

కీబోర్డు, మౌసు, ప్రింటరు, స్కానరు మొదలగు పరికరములను కంప్యూటరునకు తగిలించు చిన్న ద్వారమును యు.యస్.బి. పోర్టు అందురు. పూర్వము ఒక్కొక్క పరికరమునకు ఒక్కొక్క విధమగు రంధ్ర ముండెడిది. ఆ చిక్కును తొలగించుటకై కొన్ని సంస్థలు కూడి 1996లో ఈ ఏకరూప పద్ధతిని వెలువరించినవి. బరోడాలో చదివి, అమెరికాలో ఇంటెల్ సంస్థయందు పనిచేసిన అజయ్ భట్ గారు దీనిని రూపొందించినవారిలో ముఖ్యులు. 2000లో వచ్చిన రెండవ తరపు ద్వారము సెకనుకు 480 మెగాబిట్ల సమాచారమును పంపగలదు. 2008లో వచ్చిన మూడవ తరపు ద్వారము 5 గిగాబిట్లు పంపగలదు. దీని లోపలి నాలుక సాధారణముగా నీలివర్ణమున నుండును.

ఈ ద్వారములు సమాచారముతోపాటు విద్యుత్తును గూడ అందించును. రెండవ తరపు ద్వార మిచ్చునది 500 మిల్లీ ఆంపియర్లు. మూడవ తరపుది 900. ఈ లెక్కను మఱచి మేము పొందిన నష్టమును మీకు చెప్పవలసియున్నది.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి విడివడి నాటి మద్రాసు రాష్ట్రమున చేరినది. అంతకు ముందే పుట్టి పెరిగిన వృద్ధుల నోట తెలుగు దంపుళ్ళ పాటలు, ఊయల పాటలు నేటికిని కొన్ని నిలిచియున్నవి. వానిని మా విద్యార్థులు ఫోనులలో పట్టి తెచ్చిరి. బడి కంప్యూటరున పనిచేయు ద్వారములు రెండే మిగిలియుండెను. ఒకదానికి కీబోర్డు, మౌసు కలిసిన సాధనము తగిలించి, రెండవదానికి నాలుగు నోళ్ళ హబ్బును తగిలించితిమి. ఆ హబ్బునకే స్కానరును, పాటలు దాచు హార్డుడిస్కును గూడ తగిలించితిమి. విద్యుత్తు చాలక డిస్కు నడుమ నడుమ ఆగిపోవుచుండెను. మేము దానిని గమనింపక, ప్రతి సరిగా వచ్చినదో లేదో చూడక, ఫోనులలోని మూలములను తుడిచివేయించితిమి. పిదప చూడగా ఒక అవ్వ పాడిన పాటలలో సగము తెఱుచుకొనలేదు. మరల పాడించుకొందమని వెళ్ళునాటికి ఆమె లేదు. తప్పు యంత్రమునది కాదు, మాది.

హబ్బు అనునది ఒక తూమునుండి చీల్చిన కాలువల వంటిది. అదనపు కార్డు కట్టకు క్రొత్త తూము పెట్టుట వంటిది. దీనిని కంప్యూటరు లోపలి మదర్‌బోర్డుపై నున్న పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అను గాడిలో బిగింతురు. కొనుటకు ముందు పెట్టె తెఱచి అట్టి చిన్న గాడి ఖాళీగా నున్నదా యని చూడవలెను. పాత యంత్రములలోని పొడుగు పి.సి.ఐ. గాడి వేఱు, అందులో ఈ కార్డు పట్టదు.

ఇక లెక్క చూడుడు. మూడవ తరపు ద్వార మొకటి 5 వోల్టుల వద్ద 900 మిల్లీ ఆంపియర్లు, అనగా 4.5 వాట్లు ఇయ్యవలెను. నాలుగింటికి 18 వాట్లు. ఆ చిన్న గాడి మొదట ఇచ్చునది 10 వాట్లే. కావున ఎస్.ఎం.పి.ఎస్.నుండి నేరుగా విద్యుత్తు తీగ తగిలించుకొను వీలున్న కార్డునే ఎన్నుకొనవలెను. వేగమునకును హద్దు కలదు: రెండవ తరపు గాడి దారి యొకటి సెకనుకు 500 మెగాబైట్లు మోయును, కార్డుపై నున్న ద్వారములన్నియు దానినే పంచుకొనును.

బిగించు విధము:

1. కంప్యూటరును ఆపి, తీగను గోడనుండి తీసివేసి, మీటను కొన్ని క్షణములు నొక్కవలెను. లోపల మిగిలిన విద్యుత్తు పోవును.

2. పెట్టె యొక్క రంగు లేని లోహభాగమును తాకవలెను. మన దేహముననుండు స్థిర విద్యుత్తు సున్నితమగు భాగములను చెఱుపగలదు.

3. గాడి కెదురుగా నున్న వెనుక రేకును తొలగించి, కార్డును అంచులు పట్టుకొని నిటారుగా నొక్కి, మరచీల బిగింపవలెను.

4. విద్యుత్తు తీగ తగిలించి, మూత వేసి, యంత్రమును నడపవలెను.

విండోస్ 8 మొదలుకొని తరువాతివానిలో దీనికి వలయు డ్రైవరు ముందే యుండును. విండోస్ 7లో వేఱుగా ఎక్కింపవలెను. అంతవఱకు కీబోర్డు, మౌసులను పాత ద్వారములకే ఉంచవలెను.

మా బడిలో కార్డు బిగించిన పిమ్మట డిస్కు ఆగుట మానినది. మిగిలిన పాటలను రెండు డిస్కులలో దాచి, ఒక్కొక్కదానిని మొదటినుండి తుదవఱకు విని సరిచూచితిమి. ద్వారము ఎంత మంచిదైనను, సరిచూచుట మనుష్యుని పని. వేసవి సెలవులలో మీ యింటి పెద్దలచేత పాడించి తెండు. ఈసారి మూలమును తుడిచివేయము.

అభ్యాసము

1. హబ్బునకును కార్డునకును భేదమేమి?
2. రెండు ద్వారముల కార్డునకు ఎన్ని వాట్లు వలయును? గాడి విద్యుత్తు చాలునా?
3. మీ యింట పెద్దలకు వచ్చిన పాట నొకదానిని వ్రాసి తెండు.