బండి భయం, ఇంట్లో వదిలివచ్చే కుక్క బెంగ

ఈ నెల పాఠానికి షుగరు, బి.పి.లను పక్కనబెట్టి, మా ఓ.పి.లో తరచు విని కూడా అంతగా పట్టించుకోని ఒక సంగతిని తీసుకున్నాం.

రొమ్ములో గడ్డతో వచ్చిన ఒక రిటైర్డు టీచరమ్మగారికి ముక్క పరీక్షకు తేదీ ఇచ్చాం. ఆమె రాలేదు. మళ్లీ ఇచ్చాం, మళ్లీ రాలేదు. మూడో నెలలో వచ్చినప్పుడు అడిగితే రెండు కారణాలు చెప్పారు. హైవే మీద లారీ రాసుకుంటూ పోయి స్కూటీ మీదినుంచి పడిన దగ్గరనుంచి బండి తీయాలంటేనే చెమటలు పడుతున్నాయట. రెండోది, ఇంట్లో కుక్క. భర్త లేరు, పిల్లలు దూరాన ఉన్నారు. "రాత్రి నన్ను ఇక్కడే ఉంచేస్తే దానికి అన్నం ఎవరు పెడతారండీ?" అన్నారు. "కుక్క కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?" అని మాలో ఒకరు గట్టిగానే అన్నారు. అనకూడని మాట అది. ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాం.

మొదట బండి భయం గురించి. ఒకసారి దెబ్బతిన్నాక, రోడ్డు కనబడగానే శరీరం మళ్లీ అపాయం వచ్చిందనుకుని అడ్రినలిన్‌ను విడుదల చేస్తుంది. గుండె దడ, చేతుల వణుకు అందువల్లే. ఊపిరి మరీ వేగంగా తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తిరుగుతుంది. ప్రాణం పోతుందేమో అనిపిస్తుంది గానీ, ఈ ఉధృతి సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తగ్గుముఖం పడుతుంది. అయితే ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే భయమే అని మీకు మీరే తేల్చుకోవద్దు. వెంటనే వచ్చి ఇ.సి.జి. తీయించుకోండి.

భయపడి వెనక్కి తిరిగిన ప్రతిసారీ "తప్పించుకున్నాను కనుక బతికాను" అని మనసు నేర్చుకుంటుంది. భయం ఇంకొంచెం పెరుగుతుంది. అందుకని మెల్లగా మొదలుపెట్టాలి. నిలబెట్టిన బండి మీద ఊరకే కూర్చోండి. తరువాత మీ వీధిలో, ఆపైన గుడి దాకా పగటిపూట వెళ్లండి. ఒక్కో మెట్టు మీద భయం సగమైనా తగ్గేదాకా నాలుగైదు రోజులు అక్కడే ఉండండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. దారిలో దడ వస్తే బండి రోడ్డు దించి ఆపండి. భయం తగ్గడానికి ఆల్‌ప్రజోలం వంటి మాత్ర వేసుకుని బండి నడపడం మాత్రం ఎంతమాత్రమూ కూడదు, మత్తు వస్తుంది. ధైర్యం వచ్చేదాకా వైద్యం ఆపవద్దు, బస్సులోనో ఆటోలోనో రండి.

"విశ్వాసికి భయమేమిటి?" అని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. ప్రార్థించుకుని బయలుదేరండి, చేతులు వణికితే సిగ్గుపడకండి. నెల దాటినా పీడకలలు, నిద్రలేమి పోకపోతే డాక్టరుగారికి చెప్పండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు.

ఇక కుక్క సంగతి. సామెతలు 12:10 ఇంట్లో తీసి చదవండి. ఆ వచనం తెలిసినవారెవరూ ఈ బెంగను చూసి నవ్వరు.

అన్నం పెట్టే మనిషిని ఆపరేషను రోజున వెతుక్కోవద్దు. మీరు ఇంట్లో ఉండగానే నాలుగు రోజులు ఆ మనిషి చేతనే పెట్టించండి. ముఖం తెలియనివారు వస్తే బెదిరిన కుక్క కరవవచ్చు. రేబిస్ టీకా కార్డు వారికి అందుబాటులో ఉంచండి. నీళ్లు రెండు గిన్నెల్లో పెట్టండి, ఒకటి తన్నేస్తే ఇంకొకటి ఉంటుంది. ఎండలో కట్టేయవద్దు. మీ పాత చీర ఒకటి దాని పక్కన వేయండి, మీ వాసన ఉంటే కుదురుగా ఉంటుంది. కూర కలిపిన అన్నం పెట్టవద్దని చెప్పండి, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు హాని చేస్తాయి. వెంట తెచ్చి మన ఆవరణలో కారులో వదిలేవారున్నారు. అద్దం కొంచెం దించినా ఎండకు లోపల ప్రాణం పోతుంది.

ఎవరినైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు టీకాకు రావాలి. చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కారం, పసుపు అద్దవద్దు. ఇంటికి వెళ్లాక కుక్క ఎంత ముద్దు చేసినా మీ కుట్లను నాకనివ్వకండి.

టీచరమ్మగారి ముక్క పరీక్షలో క్యాన్సరని తేలింది. ఆపరేషను అయింది, చికిత్స సాగుతోంది. ముందే వచ్చి ఉంటే ఎలా ఉండేదో మేము చెప్పలేము. ఆ వారం రోజులూ పాలబ్బాయి కుక్కను చూసుకున్నాడు. ఆమె ఇప్పటికీ మా దగ్గరకు బస్సులోనే వస్తున్నారు, స్కూటీ గుడి దాకా వచ్చింది.

ఇప్పుడు అడ్మిషను బల్ల దగ్గర "ఇంట్లో పెంపుడు జీవాలున్నాయా?" అని మేమే అడుగుతున్నాం. గేదె అయినా, మేకలైనా, కోళ్లయినా చెప్పండి. చూసేవారు లేకపోతే మీ సంఘకాపరిగారికి ఫోను చేసి ఎవరినైనా ఏర్పాటు చేయమని మేము అడుగుతాం.