చంటిబిడ్డ తల్లికి కోర్టు సమను వస్తే



"విచారణ" అనే మాటకు మన కథోలిక కుటుంబాలలో రెండర్థాలున్నవి. ఒక గుడి పరిధిలోని కుటుంబాలన్నీ కలిస్తే విచారణ. కోర్టులో కేసు నడిస్తే అదీ విచారణే. మొదటిదానికి ఆదివారం బిడ్డను చంకనెత్తుకొని సంతోషంగా వస్తారు. రెండవదానికి పిలుపు వస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడవు. ఆ పిలుపు చంటిబిడ్డ తల్లికే వస్తే ఇంకేముంది! రామసముద్రం వంటి పల్లె ప్రాంతంలో ఇది అరుదైన సంగతేమీ కాదు కనుక ఈ వారం దీనిని గూర్చి కొంచెం వివరంగా ఆలోచిద్దాం.

అమెరికాలో స్థిరపడి అక్కడి పౌరులైన మన తెలుగువారికి జ్యూరీ పిలుపులు వస్తుంటాయి. నేరం జరిగిందా లేదా అని తేల్చడానికి మామూలు పౌరులనే కూర్చోబెట్టే పద్ధతి అది. వీసా మీద, గ్రీన్ కార్డు మీద ఉన్నవారికి ఆ బాధ్యత లేదు. అయినా పొరపాటున కాగితం వస్తే పక్కన పడేయకుండా, తాము పౌరులం కామని జవాబు రాయాలి. కాలిఫోర్నియా రాష్ట్రంలోనైతే పాలిచ్చే తల్లి తన వంతును ఒక సంవత్సరం వరకు వాయిదా వేయమని కోరవచ్చు. అక్కడ కూతురో కోడలో ఉన్న తల్లిదండ్రులు ఈ సంగతి వారి చెవిన వేయండి.

మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేది. 1959లో బొంబాయిలో నానావతి కేసులో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరొకవైపుగా నిర్దోషి అని చెప్పడం, హైకోర్టు దానిని తోసిపుచ్చడం పెద్దల్లో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ ఒక్క కేసుతోనే జ్యూరీ పోయిందని చెప్పుకుంటారు గాని, 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చినప్పుడే నేర విచారణలలో దానికి చోటు లేకుండా పోయింది. కనుక మన ఇళ్ళకు వచ్చే పిలుపు జ్యూరీ పిలుపు కాదు, సాక్షి సమను.

ఈ రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. జ్యూరీలో ఒక తల్లిని మినహాయిస్తే ఆ కుర్చీలో మరొక పౌరుడు కూర్చుంటాడు, న్యాయానికి లోటు రాదు. సాక్షికి అలా బదులు మనిషి ఉండడు. ఆమె చూసినదానిని ఆమే చెప్పాలి. చూసిన కళ్ళను అప్పు ఇవ్వలేం. బిడ్డను ఎత్తుకొనే చేతులను మాత్రం ఒక రోజుకు అప్పు తెచ్చుకోవచ్చు. కనుక "బిడ్డ ఉంది, ఎలా తప్పించుకోవాలి?" అని కాక, "బిడ్డ ఉంది, ఎలా వెళ్ళి రావాలి?" అని మొదలుపెట్టడం మంచిది.

ఒక ఉదాహరణ అనుకోండి. పుంగనూరు వెళ్ళే దారిలో టమోటా బుట్టలతో పోతున్న వ్యాను ఒక కూలీని గుద్దింది. వాకిట్లో నిలబడి ఉన్న ఇల్లాలు కళ్ళారా చూసి, పోలీసులకు చెప్పింది. రెండేళ్ళ తరువాత సమను వచ్చింది. అప్పటికి ఆమె ఒడిలో ఎనిమిది నెలల బిడ్డ. భర్త అంటాడు: "మనకెందుకు ఈ తంటా? ఏమీ చూడలేదని చెప్పి వచ్చెయ్." అత్తగారు అంటుంది: "బిడ్డకు జ్వరమని చెప్పి పంపించు." ఇద్దరూ చెడ్డవారు కారు, భయపడినవారు. కాని ఆ కూలీ భార్యకు కూడా పిల్లలున్నారు. వారి జీవనాధారం ఈ ఇల్లాలి నోటి మాట మీద ఆధారపడి ఉండవచ్చు. ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యం చెప్పవద్దంటుంది. చూసి కూడా చూడలేదనడం అబద్ధ సాక్ష్యం కాక మరేమిటి? పునీత తోమాసు అక్వినాసు సాక్ష్యం చెప్పడం మనిషికి బాధ్యతేనా అని ప్రత్యేకంగా ఒక ప్రశ్న వేసుకొని, అధికారం గలవారు న్యాయంగా పిలిచినప్పుడు చెప్పి తీరాలనీ, ఎదుటివానిని అన్యాయం నుండి తప్పించడానికైతే పిలవకపోయినా ముందుకు రావాలనీ తేల్చారు.

ఇక చట్టం సంగతి. పోలీసులు విషయం తెలుసుకొనే దశలో సాక్షిగా స్త్రీని స్టేషనుకు రమ్మని బలవంతం చేయకూడదు. ఆమె నివసించే చోటికే వచ్చి అడగాలి. పాత కోడులోనూ ఉంది, 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది తల్లులు బిడ్డలతో స్టేషను అరుగుల మీద పడిగాపులు పడ్డారో!

కోర్టు సమను వేరు. దానికి వెళ్ళి తీరాలి. సాక్షి ఇంట లేకుంటే పాత పద్ధతిలో కుటుంబంలోని పెద్ద మగవానికే కాగితం ఇచ్చేవారు, కొత్త చట్టంలో వయసు వచ్చిన ఆడవారూ తీసుకోవచ్చు. తీసుకున్నవారు దానిని బియ్యం డబ్బా కింద దాచకుండా, సంబంధించిన మనిషికి ఆ రోజే చెప్పాలి. సరైన కారణం లేకుండా వెళ్ళకపోతే కోర్టు వారంటు పంపవచ్చు, జరిమానా వేయవచ్చు. సమనును కావాలని ధిక్కరించడం భారతీయ న్యాయ సంహిత ప్రకారం విడిగా నేరం కూడా. కోర్టుకు రావలసిన పిలుపైతే ఆరు నెలల వరకు సాధారణ జైలు గాని, పదివేల రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. భయపెట్టడానికి చెప్పడం లేదు. న్యాయమైన ఇబ్బంది ఉంటే ముందుగా చెప్పుకున్నవారిని కోర్టు వేరుగా చూస్తుంది, చెప్పకుండా ఉండిపోయినవారిని వేరుగా చూస్తుంది.

కనుక కాగితం అందగానే మూడు సంగతులు చూడండి: ఏ కోర్టు (మదనపల్లెనా, పుంగనూరా, మరొకటా), కేసు నంబరు, తేదీ. ఆ నంబరు పెట్టి ఈ-కోర్ట్స్ యాప్‌లో చూస్తే వాయిదా ఎప్పుడో తెలుస్తుంది. చదువుకొనే కుర్రవాడెవరైనా చూసి పెడతాడు. మీ స్టేషనుకు చెందిన కోర్టు కానిస్టేబులుతో ముందురోజు మాట్లాడితే, జడ్జిగారు సెలవులో ఉన్నారో లేదో తెలిసి, ఒక రోజు కూలీ, బస్సు చార్జీ మిగలవచ్చు. బాలింత అయినా, బిడ్డ ఆసుపత్రిలో ఉన్నా డాక్టరు చీటీ జతచేసి, మరొక తేదీ ఇవ్వమని ప్రభుత్వ న్యాయవాది ద్వారా మనవి చేసుకోవచ్చు. వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2003లోనే, ప్రఫుల్ దేశాయ్ కేసులో చెప్పింది. అయితే అది అడిగిన ప్రతివారికీ దొరకదు. కోర్టు ఒప్పుకోవాలి.

ఆ రోజు బిడ్డను ఎవరు చూస్తారు? నా మట్టుకు మొదటి జవాబు తండ్రి. భార్యను కోర్టుకు పంపి తాను టమోటా మార్కెట్టుకు పోయి, బిడ్డను ఎనిమిదేళ్ళ అక్క మీద వదలడం, ఆ పిల్లను బడి మాన్పించడం న్యాయం కాదు. తరువాత అవ్వ, పిన్నమ్మ, వదిన. మూడేళ్ళు దాటిన బిడ్డకు అంగన్‌వాడీ ఉంది గాని, కోర్టు పని సాయంత్రం దాకా సాగవచ్చు కనుక అక్కడినుండి తెచ్చే మనిషి కావాలి. మన విచారణలో మరియదళం అక్కలున్నారు, ఉపదేశిగారి ఇల్లుంది. నోరు తెరిచి అడగండి. కేసు గొడవ తెలిస్తే నలుగురిలో పలచనవుతామని అడగనివారే ఎక్కువ. సాక్షిగా పోవడంలో తలవంపు ఏముంది?

పాలు తాగే బిడ్డ అయితే ఇంట్లో వదలడం కుదరదు. వెంట తీసుకొని పోండి, తోడుగా ఒక ఆడమనిషిని కూడా. కోర్టు మొదలయ్యే ముందే చేరి, ప్రభుత్వ న్యాయవాదికీ బెంచి క్లార్కుకూ "పాలుతాగే బిడ్డ ఉంది, ముందుగా పిలిపించండి" అని చెప్పుకోండి. మీరు బోనులో ఉన్నంతసేపూ బిడ్డ బయట తోడువారి దగ్గర ఉండాలి. బిడ్డ ఏడుపు చెవిన పడితే తల్లి, తొందరలో అడిగినదానికల్లా "అవును" అనేస్తుంది. అది ఒక మనిషికి శిక్ష తెచ్చిపెట్టవచ్చు, తప్పు చేసినవానిని వదిలివేయవచ్చు. మాటకు మాట ఆలోచించి చెప్పడానికి నిశ్చింత కావాలి, అందుకే ఇంత ఏర్పాటు.

సాక్షులను మన కోర్టులు ఎలా చూస్తాయో 2000లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే బాధపడింది. రోజంతా కాచుకున్నాక వాయిదా, కూర్చోవడానికి చోటు లేదు, గుక్కెడు నీళ్ళు లేవు అని. కొన్నిచోట్ల బాగుపడింది, కొన్నిచోట్ల లేదు. సాక్షి హాజరై ఉండగా, ప్రత్యేక కారణం రాసి తప్ప వాయిదా వేయకూడదని, వకీలు మరో కోర్టులో ఉన్నాడనేది కారణం కాదని చట్టమే చెబుతోంది. ఆ మాట మర్యాదగా గుర్తు చేయవచ్చు.

నీళ్ళ సీసా, బిడ్డకు రెండు జతల బట్టలు, సమను కాగితం, ఆధార్ కార్డు ముందురాత్రే సంచిలో పెట్టుకోండి. క్రిమినల్ కేసులలో సాక్షికి సమంజసమైన ఖర్చులు ప్రభుత్వం నుండి ఇప్పించమని కోర్టు ఆదేశించవచ్చు. దానినే బత్తా అంటారు. సివిలు కేసులలోనైతే పిలిపించిన పక్షమే ఆ డబ్బు ముందుగా కోర్టులో కట్టాలి. సిగ్గుపడక అడగండి. పనిచేసే చోట చూపవలసి ఉంటే, ఆ రోజు కోర్టుకు హాజరైనట్లు చీటీ కూడా బయలుదేరే ముందే రాయించుకోండి, మళ్ళీ దానికోసం మరొక రోజు తిరగవలసిన పని ఉండదు.